పాత మడత చాకు మొరాయిస్తే: లక్షణం చూసి కారణం పట్టుకోవడం

పాత చాకులు వయసు మీదపడి పాడవడం నేను తక్కువగా చూశాను. గరుకు కాగితంతో రుద్ది, చక్రం మీద సాన పట్టించి, అద్దంలా మెరిపించాలని చేతులారా పాడుచేసుకున్నవే ఎక్కువ. నేను కొన్న మొదటి షెఫీల్డ్ చాకుకు కూడా అదే గతి పట్టింది. బ్లేడు మెడ దగ్గర, అంటే పిడిలోకి దిగే మొదలు దగ్గర, నల్లగా పేరుకున్న మకిలిని గరుకు కాగితంతో తోమాను. మకిలితోపాటు తయారీదారు ముద్ర కూడా పోయింది. తరాల పాటు నిలిచిన అక్షరాలు మూడు నిమిషాల్లో అరిగిపోయాయి. అప్పటి నుంచి ఏ చాకు చేతికొచ్చినా ముందు లక్షణం చూస్తాను, కారణం తేలేదాకా పనిముట్టు ముట్టుకోను. కింద రాసినదంతా ఆ వరసలోనే ఉంటుంది.

ఇక్కడ చెప్పేవన్నీ స్ప్రింగు మడత చాకుల సంగతులు. ఇంగ్లండులోని షెఫీల్డ్, జర్మనీలోని సోలింగెన్, అమెరికాలో పెన్సిల్వేనియా, న్యూయార్క్ రాష్ట్రాల కర్మాగారాలు తరతరాలుగా చేసినవి ఇవే. వీటికి తాళం ఉండదు. పిడి వీపులో ఒక ఉక్కు స్ప్రింగు ఉంటుంది. అది బ్లేడు మెడను నొక్కిపట్టి, తెరిచినప్పుడు తెరిచినట్టు, మూసినప్పుడు మూసినట్టు నిలుపుతుంది. యంత్రాంగం అంతే. జబ్బుల్లో సగం ఆ మెడకూ స్ప్రింగుకూ మధ్యే పుడతాయి. తాళం లేదు కాబట్టి మొనతో పొడిచే పని, మెలితిప్పే పని వీటికి పెట్టకూడదు. బ్లేడు మడుచుకుని వేళ్ల మీదికి వస్తుంది.

తెరవబోతే గోరు విరిగేంత బిగువు

చాలాసార్లు దీనికి కారణం స్ప్రింగు బలం కాదు, కీలులో గట్టిపడిన నూనె. చాకుకు నువ్వుల నూనో, వేరుశనగ నూనో రాసి దాచడం మన ఇళ్లలో అలవాటు. వంటనూనె ఏళ్ల తరబడి గాలి తగిలి జిగురవుతుంది. దానికి జేబులోని నూగు, దుమ్ము తోడై కీలు బిగుసుకుపోతుంది.

పటకారుతో పట్టి లాగకండి. బ్లేడు మీద గాట్లు పడతాయి. కుట్టుమిషన్ నూనె ఒక చుక్క సూదిమొనతో కీలుకు రెండువైపులా దింపి, కీలు కిందికి ఉండేలా రాత్రంతా నిలబెట్టండి. మరీ మొండిగా ఉంటే ముందు ఒక చుక్క కిరోసిన్ వేయండి. మర్నాడు సన్నటి తోలుముక్కతో బ్లేడును వీపు వైపు నుంచి రెండు పక్కలా పట్టుకుని లాగితే కదులుతుంది.

కదిలాక అసలు పని మొదలు. చుక్క నూనె వేయడం, ఇరవైసార్లు మెల్లగా తెరిచి మూయడం, తుడవడం. మొదటి విడతలో కీలు నుంచి కాటుకలాంటి నల్లటి నూనె వస్తుంది. రెండో విడతకు డికాక్షన్ రంగుకు దిగుతుంది. నాలుగోదో ఐదోదో అయ్యేసరికి గుడ్డ మీద ఉత్త నూనె మరక మాత్రమే పడుతుంది. అక్కడ ఆపాలి. పుల్లకు దూది చుట్టి పిడి లోపలి గాడిని కూడా తుడవండి, ఎన్నో ఏళ్ల మట్టి అక్కడే ఉంటుంది. పండ్లు, కూరగాయలు కోసే చాకైతే చివరి చుక్క మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ వేయడం మంచిది.

వేడినీళ్లలో నానబెట్టమని చాలామంది చెబుతారు. పిడి ఎముకతోనో, కొమ్ముతోనో, చెక్కతోనో చేసినదైతే ఆ పని చేయకండి. ఉబ్బి, ఆరేటప్పుడు రివెట్ల దగ్గర పగులుతుంది.

తెరిచినా మూసినా ‘టక్’ అనడం లేదు

ముందు పైన చెప్పిన శుభ్రత చేయండి. సగం చాకులకు గొంతు తిరిగి వస్తుంది. రాకపోతే బ్లేడు పూర్తిగా తెరిచి పిడి వీపు మీద వేలు జరపండి. స్ప్రింగు పక్కనున్న రేకులతో సమంగా ఉండాలి. వేలికి మెట్టులా తగిలితే అరుగుదల. అడ్డంగా వెంట్రుకవాసి గీత కనిపిస్తే స్ప్రింగు విరిగింది. దానికి ఇంట్లో వైద్యం లేదు. రివెట్లు ఊడదీసి కొత్త స్ప్రింగు వేయడం చాకులు చేసేవాళ్లే చేయాలి.

తెరిచేటప్పుడు బ్లేడు సగంలో ఒకసారి ఆగకపోవడం లోపం కాదు. మెడ చతురస్రంగా ఉన్న చాకులు సగంలో ఆగుతాయి, గుండ్రంగా ఉన్నవి ఆగవు.

బ్లేడు రంగు మారింది

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నలుపు వేరు, ఎరుపు వేరు. తెల్లటి కాగితం ముక్కకు చుక్క నూనె అద్ది బ్లేడు మీద రుద్దండి. కాగితానికి ఇటుకరంగు అంటితే అది తుప్పు, ఇనుమును తింటూనే ఉంటుంది. బూడిదరంగు, నీలం, నలుపు బ్లేడు మీదే నిలిచి కాగితానికి ఏమీ అంటకపోతే అది పాతబడిన ఉక్కు కట్టుకున్న పొర. ఆ పొర తుప్పును పూర్తిగా ఆపదు కానీ కొంత అడ్డుకుంటుంది. దాన్ని తీసేస్తే చాకు విలువ, రక్షణ రెండూ పోతాయి.

శుభ్రంగా తుడిచిన కార్బన్ స్టీలు (తుప్పు పట్టే మామూలు ఉక్కు) చాకుతో వేసవిలో ఒక పుల్లటి మామిడికాయ కోసి, రెండు నిమిషాలు తుడవకుండా చూడండి. మొదట అంచు పొడవునా లేత పసుపు ఛాయ పాకుతుంది. ఆ వెనకే ఊదా, ఆపైన రసం నిలిచిన చోట నెమలికంఠం నీలం. కడిగి ఆరబెట్టినా ఆ రంగులు ఉంటాయి. పది కాయలు కోసేసరికి అవన్నీ కలిసి నిదానమైన బూడిదరంగులో స్థిరపడతాయి. చాకు పాడైందని కంగారుపడి నిమ్మకాయ, ఉప్పుతో తోమేవాళ్లున్నారు. ఉక్కుకు అంతకంటే చెడుపు లేదు.

పాతదని అమ్మేవాళ్ల మాట నిజమో కాదో చూడడానికి కూడా ఇది పనికొస్తుంది. షెఫీల్డులో హ్యారీ బ్రెయర్లీ తుప్పు పట్టని ఉక్కును తయారుచేసింది 1913లో. పంతొమ్మిదో శతాబ్దపు చాకు అని అమ్ముతున్నదాని బ్లేడు మామిడి రసానికి కూడా చలించకపోతే, బ్లేడైనా తర్వాత మార్చినదై ఉండాలి, మాటైనా అబద్ధమై ఉండాలి.

నిజంగా తుప్పే అయితే నూనె రాసి ఒకరోజు ఉంచి, పాత రాగి నాణెం అంచుతో గీకండి. రాగి ఉక్కుకన్నా మెత్తన, కాబట్టి తుప్పు లేస్తుంది, బ్లేడు గీసుకోదు. మిగిలినదానికి అతి సన్నని రకం ఉక్కు ఉన్నిని నూనెలో ముంచి, ముద్రకు దూరంగా, ఒకే దిశలో రెండు మూడుసార్లు రుద్దితే చాలు. తుప్పు తొలిచిన గుంటలు అలాగే ఉండనివ్వండి. వాటిని పోగొట్టాలంటే బ్లేడునే పలచన చేయాలి.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో ఉంటే చాకును తోలు సంచిలో పెట్టి దాచకండి. తోలు తేమ పట్టి ఉంచుతుంది, తోలు ఊనడానికి వాడిన రసాయనాలూ ఉక్కుకు పడవు. పొడిగా ఉన్న నూలు గుడ్డలో చుట్టి, మూడు నెలలకోసారి విప్పి చూడండి.

ఎంత తుడిచినా ఒకే చాకుకు మళ్లీ మళ్లీ తుప్పు

పెట్టెలో పది చాకులుంటే ఒక్కదాని బ్లేడు మాత్రం, అదీ మూసినప్పుడు పిడిలో దాగే భాగమే తుప్పు పడుతుంది. పిడి కొసల తొడుగుల చుట్టూ ఆకుపచ్చని చిలుము. పెట్టె తెరవగానే పాత కర్పూరం లాంటి వాసన, దాని వెనక ముక్కుకు గుచ్చుకునే ఘాటు. పిడి రంగురంగుల ప్లాస్టిక్కులా, తాబేలు చిప్పలా, ముత్యంలా మెరుస్తుంటే జబ్బు తెలిసినట్టే. అది సెల్యులాయిడ్.

అమెరికాలో జాన్ వెస్లీ హయ్యత్ 1870లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. నైట్రోసెల్యులోజును కర్పూరంతో కలిపి చేస్తారు. వయసు మళ్లేకొద్దీ అది విడిపోయి నైట్రోజన్ ఆక్సైడు వాయువులు వదులుతుంది. గాలిలోని తేమతో అవి నైట్రిక్ ఆమ్లమవుతాయి. బ్లేడును తినేది ఆ ఆమ్లమే. వేడి పెరిగేకొద్దీ ఇది వేగిరమవుతుంది. మన మే నెల ఎండల్లో బీరువా పై అరలో పెట్టిన సెల్యులాయిడ్ చాకు ఎంత నలిగిపోతుందో ఊహించండి.

విడిపోవడం మొదలయ్యాక ఆపే మందు లేదు. చేయగలిగింది పక్క చాకులను కాపాడడం. దాన్ని వెంటనే విడిగా తీసి, గాలి ఆడే చోట, చల్లగా, సగం తెరిచి ఉంచండి. గాలి చొరని డబ్బాలో బంధిస్తే సొంత ఆవిరిలోనే మగ్గుతుంది. సెల్యులాయిడ్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి మెరుగు చక్రం మీద పెట్టకండి, దీపం దగ్గరికి తీసుకువెళ్లకండి. గోళ్ల రంగు తుడిచే ద్రవం తగిలితే పిడి కరిగిపోతుంది. ఇంకా పగుళ్లు రాని మంచి పిడి ఉన్నా సరే, నేను సెల్యులాయిడ్ చాకును మిగతావాటితో కలిపి పెట్టను.

బ్లేడు అటూ ఇటూ ఊగుతోంది

కీలు చీల వదులైంది. శుభ్రం చేశాక ఊగడం మొదలైతే ఆశ్చర్యపోవద్దు, అంతదాకా మురికే పట్టి ఉంచింది. గోరుమందం కంటే తక్కువ కదలికైతే వదిలేయండి, కోతకు అడ్డు రాదు. ఎక్కువైతే, పిడి కొసల లోహపు తొడుగు మాత్రమే ఉక్కు దిమ్మ మీద ఆనేలా పెట్టి, చీల తల ఉన్న చోట చిన్న గుండుసుత్తితో మెల్లగా తట్టాలి. మూడు దెబ్బలకోసారి ఆగి తెరిచి చూడాలి. దెబ్బ ఎముక పిడి మీద పడితే పగులుతుంది. చేయి తిరిగేదాకా పనికిరాని చాకు మీద సాధన చేయండి.

మూసినా మొన బయటికి కనిపిస్తోంది, లేదా అంచు మధ్యలో ఒకే చోట గంటు

మొన బయటికి ఉంటే ఎప్పుడో విరిగిన మొనను అంచు వైపు నుంచి అరగదీసి సరిచేశారన్నమాట. మొనను ఎప్పుడూ వీపు వైపు నుంచే దించాలి. ఇప్పుడైనా వీపును ఆకురాయితో కొద్దికొద్దిగా తీస్తే మొన పిడిలోకి దిగుతుంది.

గంటు కథ వేరు. మూసేటప్పుడు బ్లేడు ఫట్‌మని జారి, అంచు స్ప్రింగుకు కొట్టుకుంటోంది. బ్లేడు మెడ కింద ఆపు కోసం ఉండే చిన్న బొడిపె అరిగిపోతే ఇలా అవుతుంది. బొటనవేలితో ఆపుతూ మెత్తగా మూయడం అలవాటు చేసుకుంటే చాలు, ఆ బొడిపెను కదిలించకుండానే చాకు ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

పదును నిలవడం లేదు

అంచు దగ్గర నీలం, గడ్డిరంగు ఛాయలున్నాయేమో చూడండి. చక్రం మీద నిప్పురవ్వలు ఎగిరేలా సాన పట్టినప్పుడు సన్నటి అంచు 200 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. దానితో ఉక్కు గట్టిదనం పోతుంది. గడ్డిరంగు దాదాపు 230 దగ్గర వస్తుంది, నీలం 300 దగ్గర. ఆ మెత్తబడిన భాగం అరిగిపోయేదాకా చేత్తోనే సానరాయి మీద రుద్దుకోవాలి, వేరే దారి లేదు. మామిడికాయ వల్ల వచ్చే నీలంతో దీన్ని కలపకండి. ఇది అంచునే పట్టుకుని ఇంద్రధనుస్సు చారల్లా ఉంటుంది.

రాయిని నీళ్లతో తడిపి, బ్లేడును 15 నుంచి 20 డిగ్రీల వాలులో పట్టండి. కొలత కావాలంటే కాగితం మూలను రెండుసార్లు సగానికి మడవండి, 22.5 డిగ్రీలు వస్తుంది, దానికంటే ఒక పిసరు తగ్గించండి. చివరి మెరుగుకు పింగాణీ కప్పును బోర్లించి, దాని అడుగున గరుకుగా ఉండే వలయం మీద నాలుగైదు సార్లు తేలిగ్గా దువ్వితే సరిపోతుంది.

ముద్ర చదవడానికి రావడం లేదు

గరుకు కాగితం మాట మరిచిపోండి. మెడను నూనె గుడ్డతో తుడిచి, ఆరాక కొంచెం ముఖానికి రాసే పౌడరు అద్ది, పైపైన తుడిచేయండి. గుంటల్లో పౌడరు నిలిచి అక్షరాలు తెల్లగా లేస్తాయి. టార్చిని పక్కనుంచి, బ్లేడుకు దాదాపు సమాంతరంగా వేసి భూతద్దంతో చూడండి.

షెఫీల్డు తయారీదారుల్లో జోసెఫ్ రాడ్జర్స్ చాకులకు నక్షత్రం, మాల్టా శిలువ గుర్తులు ఉంటాయి. జార్జ్ వోస్టెన్‌హోమ్ చాకులకు ఐఎక్స్ఎల్ అని ఉంటుంది. ‘ఇంగ్లండ్’ అనే మాట కూడా ఉంటే అది 1891 తర్వాతది అనుకోవచ్చు, ఎందుకంటే దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలన్న అమెరికా సుంకాల చట్టం అప్పటి నుంచే అమలైంది. మాట లేనంత మాత్రాన అంతకుముందుదని తేల్చేయకూడదు. అమెరికాలో బ్రాడ్‌ఫర్డ్‌లోని కేస్ కంపెనీ వాళ్లు 1970లో ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఏటా ఒకటి తగ్గిస్తూ వచ్చారు. వాళ్ల చాకుల మీది సంఖ్యల్లో మొదటి అంకె పిడి పదార్థాన్ని, రెండోది బ్లేడుల లెక్కను చెబుతుంది. 6254లో 6 చెక్కిన ఎముక, 2 రెండు బ్లేడులు, 54 నమూనా సంఖ్య.

పిడి మీద అనుమానం

ఒకప్పుడు మన అడవుల్లోని కణితి (సాంబర్ జింక) కొమ్ములు ఎగుమతై షెఫీల్డు, అమెరికా చాకులకు పిడులయ్యాయి. ఆ పిడులు ఇవాళ మన దగ్గరికి తిరిగి వస్తే చిక్కే. ఏనుగు దంతం, కణితి, దుప్పి కొమ్ము ఉన్న వస్తువులను అనుమతి లేకుండా కొనడం, అమ్మడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. విదేశాల్లో ఉన్న బంధువులు తెచ్చి ఇస్తామన్నా ముందు ఇదే ఆలోచించండి.

కాబట్టి కొనేముందు భూతద్దం తీయండి. పశువుల ఎముకైతే సన్నటి నల్ల చుక్కలు, గీతలు కనిపిస్తాయి, అవి రక్తనాళాలు నడిచిన దారులు. దంతమైతే కోసిన కొసలో ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే వాలు గీతల వల ఉంటుంది. కొమ్మైతే పైన చెట్టు బెరడులాంటి సహజమైన గరుకుదనం, ఏ రెండు పిడులకూ ఒకేలా ఉండదు. అదే గరుకుదనం వరుసలు తప్పకుండా ఉంటే అది కొమ్ములా కనిపించాలని యంత్రంతో చెక్కిన ఎముక. దాన్ని నిశ్చింతగా తెచ్చుకోండి.