చదువు పద్ధతులు – 3వ పాఠం: పుస్తకం మూసి చదవడం

కిందటి పాఠంలో క్లాసు నోట్సుకు ఎడమ పక్క ఖాళీ వదిలి, అక్కడ ప్రశ్నలు రాసుకోమన్నాను. రాయనివాళ్లు ఒక్క యూనిట్‌కైనా రాసుకుని రండి. ఈ వారం పనంతా ఆ ప్రశ్నలతోనే.

మనలో చాలామందికి చదవడమంటే నోట్సు తెరిచి, చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటికి రావడం. రెండోసారికి వాక్యాలు తెలిసినవాటిలా కనిపిస్తాయి. మూడోసారికి ‘వచ్చేసింది’ అనిపిస్తుంది. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పడం వేరు. పరీక్ష హాల్లో అడిగేది రెండోదే.

అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని కాలేజీ విద్యార్థులతోనే తేల్చి 2006లో ప్రచురించారు. ఒక వ్యాసాన్ని మళ్లీ చదివించారు. ఇంకోదాన్ని చూడకుండా, గుర్తున్నంత రాయించారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినదే ఎక్కువ గుర్తుంది: 81 శాతం, రాసినది 75. వారం ఆగి పెడితే తిరగబడింది: మళ్లీ చదివినది 42, రాసినది 56. వాళ్లదే మరో ప్రయోగంలో ఒక జట్టు అదే వ్యాసాన్ని సగటున 14 సార్లు చదివింది. ఇంకో జట్టు మూడు నాలుగుసార్లే చదివి, మిగతా సమయమంతా చూడకుండా రాసింది. వారం తర్వాత మొదటి జట్టుకు 40 శాతం మిగిలింది, రెండోదానికి 61. బాగా గుర్తుంటుందన్న నమ్మకం మాత్రం మొదటి జట్టుకే ఎక్కువ!

అందుకే హాలు గుమ్మం దగ్గర చివరి ఐదు నిమిషాలు జిరాక్సు కాగితాలు తిరగేసేవాళ్లను నేనేమీ అనను. ఆ ఐదు నిమిషాలకు అది పనిచేస్తుంది. చిక్కల్లా అదే పద్ధతిని సెమిస్టరంతా వాడటంతోనే. మిడ్‌లో గట్టెక్కిన యూనిట్ సెమిస్టర్ పరీక్షనాటికి కొత్తగా కనిపిస్తుంది. ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష రాసేవాళ్లకైతే రెండో ఏడాది చదివిన సబ్జెక్టు నాలుగో ఏడాదిలో కావాలి.

ఇప్పుడు చేసి చూద్దాం. బీటెక్ ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో డెడ్‌లాక్ తీసుకుంటాను. అంటే నడుస్తున్న ప్రోగ్రాములు (ప్రాసెస్‌లు) ఒకదాని చేతిలోని రిసోర్సు (ప్రింటరు, ఫైలు లాంటిది) కోసం ఇంకోటి ఎదురుచూస్తూ అన్నీ ఆగిపోవడం. మీది బీకామో బీఎస్సీయో అయితే మీ సబ్జెక్టులోంచి ఒక టాపిక్ పెట్టుకోండి. ఒక్కసారి శ్రద్ధగా చదివి పుస్తకం మూసేయండి. ఫోను ఇంకో గదిలో ఉండాలి. తెల్లకాగితం తీసి, ఎడమ పక్క రాసుకున్న ప్రశ్న వేసుకోండి: డెడ్‌లాక్ రావాలంటే ఏ షరతులు ఉండాలి? మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్ (రిసోర్సును ఒకసారికి ఒక్కరే వాడగలగడం) వస్తుంది. హోల్డ్ అండ్ వెయిట్ (ఒకటి పట్టుకుని ఇంకోదాని కోసం ఆగడం) వస్తుంది. సర్క్యులర్ వెయిట్ (ఒకరి కోసం ఒకరు వలయంగా ఎదురుచూడటం) బొమ్మతో సహా గుర్తుంటుంది. నాలుగోది రాదు. సరిగ్గా ఇక్కడే చెయ్యి పుస్తకం మీదకి పోతుంది. పోనివ్వకండి. రెండు నిమిషాలు బుర్రను తన్నుకోనివ్వండి. ఇంకో దారిన రండి: ఒక ప్రాసెస్ పట్టుకున్న రిసోర్సును సిస్టమ్ లాగేసుకోగలిగితే పీటముడి విడిపోతుంది కదా? లాగేసుకునే వీల్లేకపోవడమే నాలుగో షరతు, నో ప్రీఎంప్షన్. తట్టినా తట్టకపోయినా పుస్తకం తెరిచేది ఆ తర్వాతే. తప్పినదాన్ని అదే కాగితం మీద ఎర్ర పెన్నుతో రాయండి. మళ్లీ కూర్చున్నప్పుడు మొదలుపెట్టాల్సింది ఆ ఎర్ర అక్షరాల దగ్గరే.

ఇదీ బట్టీయే కదా అంటారేమో. నాలుగు పేర్లు అప్పజెప్పి ఊరుకుంటే బట్టీయే. అందుకని రెండో ప్రశ్న ఎప్పుడూ ‘ఎందుకు’ అని ఉండాలి. రిసోర్సులకు నంబర్లు వేసి, చిన్న నంబరు నుంచి పెద్ద నంబరు వైపే అడగాలని నియమం పెడితే ఏ షరతు తెగుతుంది? సర్క్యులర్ వెయిట్. ఎందుకు? వలయం పూర్తికావాలంటే ఎవరో ఒకరు పెద్ద నంబరు పట్టుకుని చిన్నదాన్ని అడగాలి, నియమం ఒప్పుకోదు. ఈ ముక్క చూడకుండా తెలుగులో చెప్పగలిగినా చాలు. ఇంగ్లిష్ వాక్యాలు తర్వాత సర్దుకోవచ్చు.

బ్యాంకర్స్ అల్గారిదం (డెడ్‌లాక్ రాకుండా రిసోర్సులు పంచే పద్ధతి) లాంటి లెక్కలైతే పుస్తకంలో చేసి చూపిన సాధన మీద కాగితం కప్పి, ఒక్కో మెట్టు మీరు వేశాకే కాగితం కిందికి జరపండి. తర్వాత అంకెలు మార్చి మళ్లీ చేయండి.

హాస్టల్లో ఉంటే నోట్సు రూమ్మేట్ చేతికిచ్చి ప్రశ్నలు అడగమనండి, చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టే. మీరు తడబడగానే జాలిపడి జవాబు అందించేవాడు మాత్రం ఈ పనికి పనికిరాడు.

ఈ వారం పని: ఒక సబ్జెక్టు, ఒకే యూనిట్. ఈ రోజు ఒకసారి, ఎల్లుండి ఒకసారి, వారం చివర ఒకసారి తెల్లకాగితంతో కూర్చోండి. మొదటి కాగితం సగం ఖాళీగానే ఉంటుంది, చదివిందంతా దండగేమో అనిపిస్తుంది. చించేయకండి. మూడింటి మీదా తేదీ వేసి దాచండి. ఉన్న సబ్జెక్టులన్నిటికీ రోజులు ఎలా పంచుకోవాలో వచ్చే పాఠంలో ఆ కాగితాలు ముందు పెట్టుకునే లెక్క వేస్తాం.