తీగ పీకినా ఆగని కోర్

విజయనగరం గంటస్తంభం దగ్గర మా చిన్న ఇంటర్నెట్ కేంద్రంలో లినక్స్ రౌటర్ ఒకటి ఉంది. ఒక సాయంత్రం దాని ప్రాసెసర్‌లో పని చేసే నాలుగు భాగాల్లో, అంటే కోర్లలో, ఒకటి 100 శాతం వాడకానికి ఎక్కి కూర్చుంది, ఇక దిగలేదు.

ముందు అది నెట్‌వర్క్ రద్దీయా, లూపా (కోడ్ ఒకే చోట ఆగకుండా తిరగడమా) తేల్చుకోండి. నెట్‌వర్క్ తీగ పీకేయండి. రద్దీ అయితే కోర్ క్షణాల్లో చల్లబడుతుంది. మాది చల్లబడలేదు. అప్పుడే అనుమానం లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ మీదికి మళ్లింది. తొందరపడి రీబూట్ చేయకండి, సాక్ష్యమంతా పోతుంది. ఒకసారి చేసి తల బాదుకున్నవాణ్ణి కనుక చెబుతున్నాను.

తర్వాత కెర్నల్ లాగ్ (అది రాసుకునే చిట్టా) చూడండి. మామూలు అమరికలో ఒక కోర్ 20 సెకన్లకు పైగా ఇతర పనులకు చోటివ్వకపోతే లినక్స్ 'సాఫ్ట్ లాకప్' అని రాసి, ఆ క్షణాన నడుస్తున్న ఫంక్షన్ల (కోడ్ ముక్కల) వరుసను చూపిస్తుంది; పిలిచిన ఫంక్షన్ కింద, అది పిలిచినది పైన ఉంటాయి. ఒక్క వరుసతో తీర్పు చెప్పకండి. కెర్నల్‌కు నేరుగా ఆదేశమిచ్చే సిస్‌ఆర్‌క్యూ మీటతో 'ఎల్' నొక్కి, కాస్త ఎడమిచ్చి అయిదారు వరుసలు తీయండి. పైనున్న పేర్లు మారుతుంటాయి, కిందివి కదలవు. కదలని వాటిలో అన్నిటికన్నా పైన ఉన్నదాన్ని పట్టుకోండి. సాధారణంగా లూపు అందులోనే ఉంటుంది.

మాకది ఒక జాబితాను వెతికే ఫంక్షన్. కెర్నల్ కూలినప్పుడు మెమరీని దాచిపెట్టే కెడంప్ ముందే అమర్చి ఉండడంతో మెమరీ నకలు దొరికింది. జాబితాలోని ఒక్కో అంశం, అంటే నోడ్, తన తర్వాతిదాన్ని చూపే 'నెక్స్ట్' చిరునామాను కాగితం మీద రాసుకుంటూ పోయాను. మూడో నోడ్ మళ్లీ రెండోదాన్నే చూపింది! ఒకే నోడ్‌ను రెండుసార్లు చేర్చినా ఇలా కావచ్చు. అందుకే చేర్చే చోటా, తీసే చోటా ఒకేసారి ఇద్దరు జాబితాను మార్చకుండా ఆపే లాక్ ఒకటే వాడారో లేదో చూడండి.