రోహిణి కార్తెకు ముందే రెటీనా పరీక్ష: మధుమేహులకు వేసవి జాగ్రత్తలు

విజయవాడలో ఎండ 45 డిగ్రీలు తాకే రోజుల్లో బయట అడుగు పెట్టడానికే జంకు కలుగుతుంది కనుక, చాలామంది మధుమేహులు కంటి పరీక్షను, రెటీనా (కంటి వెనుక వెలుతురును గ్రహించే పొర) ఇంజెక్షన్‌ను "వానలు పడ్డాక చూద్దాం" అని వాయిదా వేస్తారు. వేసవిలో చేసే పొరపాట్లలో ఇదే పెద్దదని నా అభిప్రాయం. మాక్యులా (రెటీనా మధ్యభాగం) వాపునకు కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్ ప్రభావం కొన్ని వారాలే ఉంటుంది. అందుకే మొదట్లో సాధారణంగా నెలకొకటి చొప్పున ఇస్తారు. మధ్యలో మానేస్తే వాపు తిరిగి వచ్చే ప్రమాదం ఉంది, ఆలస్యమైన కొద్దీ పోయిన చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. షుగర్ అదుపులోకి వచ్చింది కదా, ఇక ఇంజెక్షన్ దేనికని అడిగేవారూ ఉన్నారు. చక్కెర అదుపు కొత్త నష్టాన్ని నెమ్మదింపజేస్తుందే తప్ప, ఇప్పటికే దెబ్బతిని స్రవిస్తున్న రక్తనాళాలను దానంతట అదే బాగుచేస్తుందన్న భరోసా లేదు.

ఇందుకు భిన్నమైన ప్రమాదం ఒకటుంది, అది షుగర్ వేగంగా తగ్గినప్పుడు వచ్చేది. 1993లో వెలువడిన డీసీసీటీ అనే వైద్య అధ్యయనం, టైప్ 1 మధుమేహంలో గట్టి చక్కెర నియంత్రణ వల్ల రెటినోపతి (మధుమేహం వల్ల రెటీనా దెబ్బతినడం) కొత్తగా వచ్చే ముప్పు 76 శాతం తగ్గిందని చూపింది. అయితే అప్పటికే రెటినోపతి ఉన్న కొందరిలో, చికిత్స మొదలైన ఏడాదిలోపు కన్ను తాత్కాలికంగా మరింత దెబ్బతిన్నదని కూడా గమనించింది. కాబట్టి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష) పది, పదకొండు శాతం దగ్గర ఉన్నవారు ఇన్సులిన్ గానీ సెమాగ్లుటైడ్ అనే షుగర్ మందు గానీ మొదలుపెట్టే ముందే రెటీనా చూపించుకోవాలి. దీనికి భయపడి షుగర్ మందులు మానడం మాత్రం అంతకంటె ప్రమాదకరం.

ఇక మామిడిపండ్లు. నూజివీడు చిన్నరసాలు ఇంటికొచ్చాక ఒక్కదానితో ఆగేవారు అరుదు. పిసికి జుర్రుకునే పండు కావడంతో ఎన్ని తిన్నామో లెక్క ఉండదు. 100 గ్రాముల గుజ్జులో పిండిపదార్థాలు దాదాపు 15 గ్రాములుంటాయి కాబట్టి, పండు తిన్న పూట అన్నం తగ్గించాలి. దాహానికి చెరకు రసం, కూల్‌డ్రింకులు వద్దు, ఉప్పు తగ్గించిన పలుచని మజ్జిగ మేలు. కొత్త ఆవకాయలోని ఉప్పు బీపీని పెంచుతుంది, పెరిగిన బీపీ రెటీనాకూ చేటే.

ఇన్సులిన్‌ను స్కూటర్ డిక్కీలోగానీ, ఎండలో నిలిపిన కారులోగానీ ఉంచితే దాని శక్తి తగ్గిపోతుంది. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకున్నాక కొన్ని గంటలపాటు చూపు మసకగా ఉండి, వెలుతురు భరించలేనట్లుగా ఉంటుంది. ఆ స్థితిలో మిట్టమధ్యాహ్నం బెంజి సర్కిల్ దాటుతూ బండి నడపడం సాహసమే అవుతుంది. ఉదయపు అపాయింట్‌మెంటు అడిగి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, తోడుగా ఒకరిని తీసుకెళ్లాలి. ఇంజెక్షన్ తర్వాత డాక్టరు చెప్పినన్ని రోజులు కృష్ణలో స్నానం, తలస్నానం మానుకోవాలి. నొప్పి, ఎరుపు పెరుగుతూ చూపు తగ్గితే, లేదా ఉన్నట్టుండి నల్లని చుక్కలు తేలినా, తెర దిగినట్లు అనిపించినా, ఆదివారమైనా సరే, అదే రోజు రెటీనా వైద్యుణ్ణి కలవాలి.