బాలికల పాఠశాలలో నాటిక వేయించడం ఎలా?

వార్షికోత్సవం దగ్గర పడగానే ఎవరో రాసిన నాటికను తెచ్చి, బాగా చదివే నలుగురు అమ్మాయిలకు పంచి, బట్టీ పట్టించడం చాలా పాఠశాలల్లో అలవాటు. అలా తయారైన నాటిక మూడో వరుస దాటి వినపడదు. తనది కాని మాటను పిల్ల పైపైనే పలుకుతుంది. కడప జిల్లా బాలికల పాఠశాలల్లో పనిచేసే టీచర్ల కోసం ఇక్కడ చెబుతున్న పద్ధతిలో పిల్లల మాట ముందు పుడుతుంది, రచన ఆ తరవాత వస్తుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో ఇరవై నిమిషాల లోపు నాటికకు ఆరు వారాలు పెట్టుకోండి. పదో తరగతి వాళ్లకు పబ్లిక్ పరీక్షల ఒత్తిడి ఉంటుంది, వాళ్లను రిహార్సల్స్ చూసి సలహా చెప్పడానికి పిలిస్తే చాలు.

1. ముందు ఇంటివాళ్లను ఒప్పించండి

"ఆడపిల్లకు నాటకాలెందుకు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు ఈ జిల్లాలోనే ఉంది. 1885లో సురభి గ్రామంలో కీచక వధ ఆడిన కుటుంబం నుంచే సురభి నాటక సమాజాలు పుట్టాయి. మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో ఆ సమాజాల వాళ్లు తమ ఇంటి ఆడవాళ్లను రంగం మీదికి తెచ్చారు. 1880లో పక్కనే తాడిపత్రిలో పుట్టిన రంగస్థల నటుడు బళ్లారి రాఘవ కూడా స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని గట్టిగా కోరారు. తల్లిదండ్రుల సమావేశంలో ఈ సంగతులు చెప్పండి.

మాటతో పాటు భరోసా కూడా ఇవ్వాలి. రిహార్సల్స్ చివరి పీరియడ్‌లో పెట్టి, పిల్లల బస్సు వేళకు ముందే ముగించండి. వేషాలు మార్చుకునే గదికి గడియ ఉండాలి, దగ్గర ఒక టీచరమ్మ ఉండాలి. పెద్దల అనుమతి లేకుండా పిల్లల వీడియోలు ఎక్కడా పెట్టకూడదు.

2. కథను పిల్లల నుంచి రాబట్టండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి, రెండు వారాలైనా పరవాలేదు. నలుగురేసి జట్లుగా కూర్చోబెట్టి ఒక సందర్భం ఇవ్వండి. ఉదాహరణకు: తొమ్మిదో తరగతి అమ్మాయి బస్సు పాసుకు డబ్బులు అడగాలి. అదే సాయంత్రం ఇంట్లో పెళ్లిచూపుల మాట వచ్చింది. తండ్రి, నానమ్మ, పక్కింటావిడ ఉన్నారు. పది నిమిషాలు మాట్లాడుకుని ఆడి చూపించమనండి. కాగితం వద్దు.

మొదటి రోజు అందరూ నవ్వుతారు, సగంలో ఆపేస్తారు. నవ్వనివ్వండి. రెండో మూడో రోజుకు ఒక పిల్ల నోటి నుంచి మనం ఎవరమూ రాయలేని మాట వస్తుంది. నానమ్మ వేషం వేసిన అమ్మాయి అచ్చం తన నానమ్మలాగే దెప్పుతుంది, అంతలోనే జాలిపడుతుంది. ఆ మాటలను ఫోనులో రికార్డు చేసి, తరవాత వాళ్ల చేతే రాయించండి. కడప యాసను దిద్దవద్దు. నానమ్మ పుస్తక భాషలో మాట్లాడితే ఆ పాత్ర చచ్చిపోతుంది.

ఒక జాగ్రత్త ఉంది. ఏ పిల్లనూ సొంత ఇంటి సంగతి చెప్పమని అడగకూడదు, ఎప్పుడూ కల్పిత పాత్ర పేరుతోనే ఆడించాలి. అయినా ఎవరైనా నిజంగా ఆపదలో ఉన్నట్టు అనిపిస్తే ఆ విషయం నాటికలోకి రానివ్వకండి. విడిగా మాట్లాడండి, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి. చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయి పెళ్లి బాల్యవివాహమే.

3. పాత్రలు పంచండి

పొడుగు, రంగు, మార్కులు చూడవద్దు. ఆ రెండు వారాల్లో ఎవరు ఎదుటివాళ్ల మాట విని బదులిచ్చారో చూడండి, నటన అక్కడ ఉంటుంది. ముఖ్య పాత్రకు ఇద్దరిని సిద్ధం చేస్తే జ్వరాలు వచ్చినా భయం ఉండదు. తండ్రి పాత్రకు అతికించే మీసాలు, బలవంతపు బొంగురు గొంతు వద్దు. భుజాన కండువా, నిదానమైన మాట, బరువైన అడుగు చాలు.

దృశ్యాల మధ్య తెర కావాలనుకుంటే బుర్రకథ జట్టును పెట్టండి. కథకురాలు, హాస్యం చెప్పే వంత, రాజకీయం చెప్పే వంత అని మరో ముగ్గురికి పాత్రలు దొరుకుతాయి. వాళ్లు "తందాన తాన" అందుకునేలోగా వెనకాల మంచం తీసేయవచ్చు.

4. గొంతును చివరి వరుస దాకా పంపండి

అరవమని చెప్పకండి, రెండు రోజుల్లో గొంతు పోతుంది. పొట్ట నిండా ఊపిరి తీసుకుని మాటను దూరంగా ఉన్న మనిషికి అందించమనండి. ఆవరణ చివర ఒక అమ్మాయిని నిలబెట్టండి. వినపడనప్పుడల్లా ఆమె చెయ్యి ఎత్తాలి.

వాక్యం చివర ప్రత్యేకంగా వినండి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. "నేను బడికి" దాకా గట్టిగా పలికి "వెళ్తాను" దగ్గర ఊపిరి అయిపోతే, వెళ్తానందో వెళ్లనందో ప్రేక్షకులకు తెలియదు. కథంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉండవచ్చు. అందుకే ప్రతి డైలాగునూ చివరి మాట నుంచి వెనక్కి అభ్యాసం చేయించండి.

5. రంగం, వేషాలు

వేదిక మీద ఒకే మైకు ఉంటే పిల్లలంతా దాని చుట్టూ మూగుతారు. నా సలహా, వేదిక వదిలేసి ఆవరణలోనే ఆడించండి. ప్రేక్షకులను మూడు వైపులా దగ్గరగా కూర్చోబెడితే మైకు అక్కర్లేదు. నేల కడప బండలదైతే ఆ అతుకులే గీతలు, "మూడో బండ మీద ఆగు" అంటే పిల్లకు వెంటనే అర్థమవుతుంది. వేషాలకు ఇంట్లోని చీర, తువ్వాలు చాలు. మేకప్‌కు కాటుక, కొంచెం పౌడరు మించి అవసరం లేదు.

చివరి వారం మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా రోజుకొకసారి ఆడించండి. తప్పు వచ్చినా ఆపకూడదు, మరిచిన మాటను ప్రాంప్టర్ అందించాలి. మీరు పక్కనుంచి సైగలు చేయకండి.

6. ఆట అయ్యాక

వెంటనే చప్పట్లతో పంపేయకుండా పావుగంట కూర్చోబెట్టండి. వచ్చిన అమ్మలు ప్రశ్నలు అడగాలి, జవాబు పాత్రధారులే చెప్పాలి. ఏ చోట ప్రేక్షకులు కదిలారో, ఏ మాట వినపడలేదో ఆ సాయంత్రమే నోటుపుస్తకంలో రాయించండి. వచ్చే ఏడాది జట్టు ఆ పుస్తకం చదువుకుని, తన నాటికను మళ్లీ కొత్త సందర్భంతో మొదలుపెట్టాలి.