హెడింగ్ రాయడం నేర్చుకుందాం – 3: తోక తెగినా నిలబడాలి

పోయిన పాఠంలో ఒకే పోస్టుకు పది హెడింగులు రాయమన్నాను. మొదటి మూడు నాలుగు ఎవరికైనా తట్టేవే అయ్యుంటాయి, ఫర్వాలేదు. ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఈరోజు పని దానితోనే.

ముందు నా తప్పొకటి చెప్తాను. పాస్‌వర్డుల మీద ఒక పోస్టు రాసి, పైన ఈ హెడింగ్ పెట్టాను:

“అన్ని ఖాతాలకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకుంటే హాయిగా ఉంటుందని ఎవరైనా చెప్తే అస్సలు వినకండి”

కంప్యూటర్‌లో చూసుకుంటే బాగానే ఉంది. తర్వాత ఒక ఫ్రెండ్ ఫోన్‌లో చూశాను. “హాయిగా ఉంటుందని” దగ్గర తెగిపోయి, పక్కన మూడు చుక్కలు. నేను వద్దని మొత్తుకున్నది కాస్తా ఆ ఫోన్‌లో చేయమన్నట్టుంది!

తెలుగులో రాసేవాళ్లకు ఈ చిక్కు తప్పదు. మన వాక్యంలో క్రియ చివర్న కూర్చుంటుంది. చేయాలా వద్దా, అవునా కాదా అన్నది ఆఖరి మాటలో గానీ తేలదు. తెర కోసేసేది సరిగ్గా ఆ ఆఖరి మాటనే.

పైగా మన అక్షరాలకు చోటు ఎక్కువ పడుతుంది. “పాస్‌వర్డ్” చూడ్డానికి చిన్న మాటే. లెక్కపెట్టండి: ప, దీర్ఘం, స, పొల్లు, వ, ర, పొల్లు, డ, పొల్లు. తొమ్మిది. “స్‌” కింద వత్తు పడకుండా మధ్యలో కంటికి కనబడని గుర్తొకటి ఉంటుంది, దాంతో పది. యూట్యూబ్ టైటిల్‌కు ఇచ్చేది 100 క్యారెక్టర్లు. అందులో పదో వంతు ఈ ఒక్క మాటకే పోయింది. ఇప్పటి ఎక్స్, ట్విటర్‌గా ఉన్న రోజుల్లో, 2017 నవంబరులో 140 హద్దును 280కి పెంచింది. అయినా హద్దు ఎంతన్నది పెద్ద విషయం కాదు. వేలు ఆగేలోపు కంటపడేవి మొదటి నాలుగైదు మాటలే.

కాబట్టి తేల్చే మాటను ముందుకు లాగాలి. తెలుగులో అదేమీ కష్టం కాదు, మాట్లాడేటప్పుడు రోజూ చేసే పనే. “వద్దు, అటు వెళ్లకు” అంటాం. నా హెడింగ్‌ను అలాగే తిప్పాను:

“ఒకే పాస్‌వర్డ్ వద్దు, అన్ని ఖాతాలకూ అదే పెట్టుకుంటే ముప్పు”

ఇప్పుడు “వద్దు” తర్వాత ఎక్కడ తెగినా అర్థం చెడదు. కానీ నిజం చెప్పాలంటే ఇది చప్పగా ఉంది. గోడకు అంటించిన నోటీసులా చదివేసి వెళ్లిపోతారు. తెలిసిన సంగతే కదా, లోపలికి ఎందుకు వెళ్లాలి?

కుతూహలం గురించి 1994లో జార్జ్ లోవెన్‌స్టీన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త రాసిన మాట ఇక్కడ పనికొస్తుంది. మనకు తెలిసినదానికీ తెలుసుకోవాలనుకునేదానికీ మధ్య ఖాళీ కనబడితే, అది పూడేదాకా మనసు ఊరుకోదంటాడు. గమనించండి, కొంత తెలిసి ఉంటేనే ఖాళీ కనబడుతుంది. ఏమీ చెప్పకుండా అంతా దాచేస్తే అక్కడ ఉండేది ఖాళీ కాదు, చీకటి. “ఈ తప్పు మీరూ చేస్తున్నారా? తెలిస్తే షాకవుతారు!” అనే హెడింగ్ అలాంటిదే. ఏ తప్పు? దేనికి సంబంధించింది? వంటా, చదువా, డబ్బా? ఇలాంటివి నాకు చిరాకు. చదివేవాళ్లు ఒకసారి మోసపోతారు, రెండోసారి పేరు చూసే దాటేస్తారు. ఫేస్‌బుక్ కూడా 2014లోనే వీటిని వెనక్కి నెడతానని ప్రకటించింది. లింకు నొక్కినవాళ్లు అక్కడ ఎంతసేపున్నారు, వెంటనే తిరిగొచ్చేశారా అన్నది చూస్తామంది.

నా పోస్టులో అసలు సరుకు ఏమిటని మళ్లీ చూసుకున్నాను. మూడో పేరాలో దొరికింది. పాస్‌వర్డ్ మార్చుకునే లింకులు ఎక్కువగా ఈమెయిల్‌కే వస్తాయి కాబట్టి, అది పోతే మిగతావాటి తాళం చెవులు కూడా పోయినట్టే. అప్పుడు ఇలా రాశాను:

“ఒకే పాస్‌వర్డ్ వద్దు. ఇప్పటికే పెట్టేశారా? ముందు మార్చాల్సింది బ్యాంకుది కాదు”

విషయం చెప్పేశాను. దాచింది ఒక్క జవాబే. బ్యాంకు కాకపోతే మరేది అన్న ప్రశ్న మిగులుతుంది. లోపలికి వచ్చినవాళ్లకు ఆ జవాబు మొదటి పేరాలోనే దొరకాలి కాబట్టి ఆ పేరాను పైకి తెచ్చాను. చాలాసార్లు హెడింగ్ దిద్దబోతే పోస్టునే దిద్దాల్సి వస్తుంది, విసుక్కోకండి.

ఇక మీ పని. మీ పది హెడింగుల్లో ప్రతిదాన్నీ ఆరో మాట దగ్గర వేలితో మూసి చదవండి. అర్థం తిరగబడినవాటికి చుక్క పెట్టండి. దేని గురించో తెలియకుండా పోయినవాటికి గీత పెట్టండి. చుక్క పడినవాటిలో తేల్చే మాటను ముందుకు తెచ్చి తిరగరాయండి. గీత పడినవాటికి విషయం పేరు చేర్చండి. రెండూ పడినవి ఉంటే కొట్టేయండి, వాటి మీద టైమ్ దండగ. మిగిలినవాటిని ఇంకొకరి ఫోన్‌కు పంపి, ఆ తెర మీద చూడండి. వచ్చే పాఠంలో ప్రశ్నతో మొదలయ్యే హెడింగుల సంగతి చూద్దాం.