గంజాం నుంచి మోరిషస్ ఓడెక్కిన మనవాళ్ళ జాడ వెతకడం ఎలా

మా బరంపురం వైపు తెలుగు ఇళ్ళల్లో పెద్దవాళ్ళని కదిపితే "ఫలానా తాత తమ్ముడు ఓడెక్కి పోయాడు, మళ్ళీ రాలేదు" అనే మాట ఎక్కడో ఒకచోట వస్తుంది. ఆ మాటని అక్కడితో వదిలేయకండి. ఆ మనిషి మోరిషస్ వెళ్ళి ఉంటే పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఒంటి మీది మచ్చతో సహా అక్కడి రిజిస్టర్లో ఉండొచ్చు. బళ్ళో చరిత్ర చెప్పి రిటైరయ్యాక చుట్టాలకీ, వాళ్ళ చుట్టాలకీ నేను చేసిపెడుతున్న పని ఇదే.

ముందు ఆయన వెళ్ళింది ఎక్కడికో తేల్చుకోండి. మనవాళ్ళు చాలామంది వెళ్ళింది రంగం, అంటే రంగూన్. గోపాలపూర్‌లో స్టీమరెక్కి వెళ్ళి, మిల్లుల్లో, రేవులో పనిచేసి తిరిగొచ్చినవాళ్ళు ఎందరో. వాళ్ళని ఒప్పందం కూలీల, అంటే ఇన్నేళ్ళు పనిచేస్తామని ఒప్పందం మీద పరాయి దేశం వెళ్ళినవాళ్ళ, రిజిస్టర్లలో వెతికి లాభం లేదు. చెరకు తోటలు, ఒప్పందం అని ఇంట్లో చెప్పుకుంటూ ఉంటే మోరిషస్, నాటల్ (ఇప్పటి దక్షిణాఫ్రికాలోది), ఫిజీ గుర్తుపెట్టుకోండి. నాటల్‌కి 1860 నుంచి 1911 దాకా ఓడలు వెళ్ళాయి. ఫిజీకి మద్రాసు నుంచి కూలీలని తీసుకెళ్ళడం 1903లో గానీ మొదలవలేదు. ఇంకా పాత కాలమైతే మోరిషస్ వైపే ముందు చూడండి.

ఏ ఏడాది వెళ్ళాడంటే ఎవరూ చెప్పలేరు. కరువుని అడగండి. "నఅంక కరువులో పోయాడట" అంటే 1866 చుట్టూ. ధాత కరువంటే 1876-78. అదీ తెలియకపోతే, ఆయన అన్నదమ్ముల పిల్లల వయసులు పట్టుకుని వెనక్కి లెక్కేయండి.

ఇక ఊరు. ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. రిజిస్టర్లో "జిల్లా గంజాం" అని ఉంటే ఇప్పటి ఒడిశా గంజామే అనుకోవద్దు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం అన్నీ అందులోవే. ఊరి పేరుని తెలుగు పలుకుబడిలో, ఒడియా పలుకుబడిలో, పాత ఇంగ్లీషు రాతలో మూడు రకాలుగా రాసుకోండి. బరంపురం అక్కడ బెర్హాంపూర్, శ్రీకాకుళం చికకోల్. కిందటేడు మోరిషస్ నుంచి వచ్చిన ఒక కుటుంబం మా వరండాలో కూర్చుని ముత్తాతగారి రిజిస్టర్ నకలు బయటికి తీసింది. ఎడమ మోకాలి కింద మచ్చ అని కూడా ఉంది గానీ, ఊరి పేరు దగ్గర అందరం ఆగిపోయాం. "ముండాసా" అని చదివాను. కూరగాయలు తరుగుతున్న మా అమ్మ, "ఇంకోసారి చదవరా" అంది. చదివాను. "మందస కదురా!" అంది. అందుకే చెప్తున్నాను, కాగితం మీద అర్థం కాని ఊరి పేరుని పెద్దవాళ్ళకి పైకి చదివి వినిపించండి.

ఆ రాత అలా ఎందుకుందో తెలియాలంటే మోరిషస్ రాజధాని పోర్ట్ లూయీ రేవులో, వచ్చిన కూలీలని నమోదు చేసిన డిపో గురించి తెలియాలి. 1834 నవంబర్ 2న అట్లాస్ ఓడలో 36 మంది కూలీలు అక్కడ దిగారు. డిపో కట్టడం 1849లో మొదలైంది. దాన్నే కూలీ ఘాట్ అనేవాళ్ళు, ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఓడ దిగినవాళ్ళు నల్లరాతి మెట్లు పదహారూ ఎక్కి లోపలికి వెళ్ళాలి. వంటగదులు, ఆసుపత్రి గదులు, షెడ్లు అందులోనే. ఓడలో రోగముంటే ముందు క్వారంటైన్. తర్వాత గుమాస్తా ముందు నిలబడితే, చెవికి వినిపించిన పేరు రాసుకుని, ఒక నంబరిచ్చి, తోటలకి పంపేవారు. 1860ల నుంచి ఫొటోలు కూడా తీశారు. సముద్రమంతా దాటొచ్చిన మనిషి, భాష రాని గుమాస్తాకి తన ఊరి పేరు చెప్పుకోవడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఇంటిపేరుతో వెతకొద్దు. అక్కడ సాధారణంగా దొరికేది మనిషి పేరు, తండ్రి పేరే. తర్వాతి తరాల్లో ఆ ముందువాళ్ళ పేరే ఇంటిపేరైపోయింది. "అప్పడు" అనే పేరు అక్కడ "అప్పాడూ" అయ్యింది. సింహాద్రి, అప్పలస్వామి లాంటి పేరు కనిపిస్తే మన ప్రాంతమేమో అని ఆగి చూడండి.

ఆ రిజిస్టర్లు మోరిషస్‌లో మోకా అనే ఊళ్ళో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. వాళ్ళకి రాసేటప్పుడు పేరు, తండ్రి పేరు, ఊరు మూడు రాతల్లో, తాలూకా, సుమారు ఏడాది, మీకు ఆయన ఏమవుతారో, అన్నీ ఒక్క పేజీలో ఇంగ్లీషులో పెట్టండి. కుటుంబ కథంతా రాయొద్దు. అటువైపు వాళ్ళు కూడా వెతుకుతున్నారు. మోరిషస్‌లో ఏడో తరం వారసులకీ ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఇస్తామని 2024 మార్చిలో రాష్ట్రపతి ముర్ము అక్కడ ప్రకటించారు. జవాబులో ఆయన నంబరు వస్తే, ఫొటో ఉందా, పెళ్ళి నమోదు ఉందా అని ఆ నంబరు వేసి రెండో ఉత్తరం రాయండి.