చెన్నై గాలిలో మొదటి తలుపు: ఇంటి దగ్గర కారుకు స్ప్రే పెయింట్ వేయడం నేర్చుకునేవారికి

కారు మొత్తానికి ఇంట్లోనే రంగు వేసుకోవాలని ఉత్సాహపడే కొత్తవారికి నేను ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. మొదటిసారికి ఒక్క తలుపుతో సరిపెట్టుకోండి. ఆ తలుపు మీద స్ప్రే గన్ ఎత్తేముందు ఒక తుక్కు బానెట్ మీద చేయి తిప్పడం నేర్చుకోండి. చెన్నైలో ఉన్నవారికి ఇందుకు పెద్ద శ్రమ లేదు. పుదుప్పేట సందుల్లో పాత కార్ల తలుపులు, బానెట్లు, ఫెండర్లు విడివిడిగా అమ్ముతారు. సొట్టలు పడి ఎవరూ కొనని బానెట్ ఒకటి తక్కువ ధరకు అడిగి తెచ్చుకుంటే, అదే మీకు అక్షరాలు దిద్దే పలక అవుతుంది.

ఏ రంగు వాడాలన్నది గన్ కొనడానికి ముందే తేల్చుకోవలసిన విషయం. వర్క్‌షాపుల్లో ఇప్పుడు ఎక్కువగా వాడేది పీయూ, అంటే పాలీయురెథేన్ రంగు, లేదా బేస్ కోటు (రంగు పూత) మీద టూకే క్లియర్ కోటు, అంటే రెండు భాగాలు కలిపి వేసే పారదర్శక పూత. వీటిని గట్టిపరచడానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి; స్ప్రే చేసేటప్పుడు మంచులా లేచే వాటి తుంపరను పీల్చితే ఊపిరితిత్తులు దెబ్బతిని ఉబ్బసం వచ్చే ప్రమాదం ఉంది, ఒకసారి శరీరం వాటికి స్పందించడం మొదలుపెడితే ఆ తర్వాత కొద్ది మోతాదు తగిలినా ఆయాసం పుడుతుంది. హాని చేసే మోతాదులో కూడా వాటి వాసన తెలియకపోవచ్చు కాబట్టి, మాస్కు పని చేస్తోందో లేదో పసిగట్టే దారి మీకు ఉండదు. బయటి నుంచి శుభ్రమైన గాలిని గొట్టం ద్వారా అందించే ముసుగు లేనివారు ఇంటి ఆవరణలో ఈ రంగులు స్ప్రే చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

కొత్తవారికి ఎన్‌సీ రంగు, అంటే నైట్రోసెల్యులోజ్ లాకర్, సరిపోతుంది. దీనికి హార్డెనర్ అక్కర్లేదు, రంగును పలుచన చేసే థిన్నర్ ఎగిరిపోగానే ఆరుతుంది. ఇది పీయూ అంత మెరవదు, ఎండకు త్వరగా వెలుస్తుంది, పెట్రోలు ఒలికితే మరక పడుతుంది. అయినా తప్పు జరిగిన చోట అరగదీసి సులువుగా మళ్ళీ వేసుకునే వీలు ఇందులో ఉంది. నేర్చుకునేవారికి మెరుపు కంటే ఆ వీలే ముఖ్యం. మెటాలిక్ రంగుల జోలికి ఇప్పుడే వెళ్ళవద్దు. వాటిలోని అల్యూమినియం రేణువులు గన్ దూరాన్ని బట్టి, వేగాన్ని బట్టి వేరువేరుగా పరుచుకుని మచ్చలు మచ్చలుగా కనిపిస్తాయి. తెల్ల కారు ఉన్నవారు ఈ విషయంలో అదృష్టవంతులు. కారు రంగు కోడ్ ఇంజిన్ గదిలోనో, తలుపు పక్క స్తంభం మీదో ఉండే చిన్న రేకు మీద ఉంటుంది. ఆ కోడ్ చెబితే పెయింటు కలిపే దుకాణంలో అదే ఛాయ తయారుచేస్తారు. అసలు రంగునే మార్చాలనుకుంటే మాత్రం, ఆర్‌సీలో కారు రంగు నమోదై ఉంటుంది కనుక, ముందుగా ఆర్‌టీఓ కార్యాలయంలో ఆ మార్పు నమోదు చేయించుకోవాలి.

ఇక చోటు. అపార్టుమెంటు కింద స్తంభాల మధ్య పార్కింగులో ఈ పని పెట్టుకోవద్దు. రంగు మంచు పక్కవారి కార్ల మీద పడి గరుకుగా అంటుకుంటుంది; అంతకంటే ముఖ్యంగా, థిన్నర్ ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి నేల వెంట పాకుతూ పోయి, ఎక్కడో ఉన్న మోటారు స్విచ్చి దగ్గరో, పూజగది దీపం దగ్గరో అంటుకోగలదు. మూడు వైపులా తెరిచి ఉన్న సొంత పోర్టికో అయితే మంచిది. పని జరుగుతున్నంతసేపు దీపం, అగరువత్తి, గ్యాసు పొయ్యి, నీళ్ళ మోటారు అన్నీ ఆపి ఉంచాలి, పిల్లలను ఇంటి అవతలి వైపు ఉంచాలి. ఎన్‌సీకి కూడా మాస్కు తప్పనిసరి. గుడ్డ మాస్కు, ఆసుపత్రి మాస్కు థిన్నర్ ఆవిరిని ఆపలేవు. థిన్నర్ లాంటి వాటి ఆవిరిని పట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్‌లు, వాటి ముందు ధూళి ఫిల్టర్లు ఉన్న రబ్బరు మాస్కు కావాలి, దానితో పాటు కళ్ళద్దాలు, నైట్రైల్ గ్లవ్స్ కూడా.

చెన్నైలో రంగు వేసేవారు గోడ గడియారం కంటే ఎక్కువగా చూడవలసింది గాలిని. నా మొదటి తలుపు ఈ పాఠం నేర్పింది. పొద్దున్నుంచీ తీరిగ్గా అరగదీసి, మధ్యాహ్నం దాటాక నాలుగింటికి రంగు మొదలుపెట్టాను. అప్పటికి సముద్రపు గాలి ఊరి లోపలి పెరంబూరు దాకా వచ్చేసింది. రెండో కోటు వేసి వెనక్కి జరిగి చూస్తుండగానే, నిగనిగలాడుతున్న ఎర్రరంగు మీద పాలు కలిపిన నీళ్ళు చల్లినట్టు తెల్లటి తెర కమ్ముకుంది. పెయింటర్లు దీన్ని బ్లషింగ్ అంటారు. థిన్నర్ వేగంగా ఎగిరిపోయేటప్పుడు రంగు ఉపరితలం చల్లబడుతుంది, గాలిలోని తేమ ఆ చల్లదనానికి మంచులా దిగి రంగులో చిక్కుకుంటుంది. చవక థిన్నర్ మరింత వేగంగా ఎగురుతుంది కాబట్టి ఈ తెర మరింత దట్టంగా పడుతుంది.

అప్పటి నుంచి నేను పాటించే లెక్క ఇది. తెల్లవారుజామున తేమ ఎక్కువ కనుక అప్పుడు వేయను. పదింటికల్లా ఎండ తేమను కొంత లాగేశాక మొదలుపెట్టి, సముద్రపు గాలి తిరగకముందే చివరి కోటు ముగిస్తాను. తేమ కొలిచే చిన్న మీటరు గోడకు తగిలించి, అది 70 శాతం దాటితే గన్ పక్కన పెట్టేస్తాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో పని పెట్టుకోకపోవడమే మేలు. మే నెల కత్తిరి ఎండల్లో కష్టం ఇంకో రకం. రేకు చేయి పెట్టలేనంత కాలిపోయి, రంగు రేకును తాకేలోపే ఆరి ఇసుకలా గరుకవుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలలు ఈ ఊళ్ళో రంగుకు అనువైనవి. తప్పనిసరై తేమ రోజున వేయవలసి వస్తే, నెమ్మదిగా ఎగిరే రిటార్డర్ థిన్నర్ కొంచెం కలపాలి. అప్పటికే తెర పడితే, పొడి రోజు చూసి, ఆ రిటార్డర్‌నే పలుచని మంచులా పైన స్ప్రే చేస్తే చాలాసార్లు తెర కరిగిపోతుంది.

పనిముట్లలో కంప్రెసర్ గురించే ఎక్కువ ఆలోచించాలి. పైన రంగు పోసే కప్పు ఉండే గ్రావిటీ గన్, అందులో హెచ్‌వీఎల్‌పీ రకం, తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలి వాడుతుంది. రంగు వృథా తక్కువే కానీ గాలి దాహం ఎక్కువ. టైర్లకు గాలి కొట్టే బుల్లి యంత్రం దీనికి చాలదు. కనీసం రెండు హార్స్‌పవర్ మోటారు, 50 లీటర్ల ట్యాంకు ఉండాలి. అప్పటికీ పెద్ద ప్యానెల్ మధ్యలో ఒత్తిడి పడిపోతుంటుంది. ఒక్క తలుపుతో మొదలుపెట్టమనడానికి ఇది కూడా ఒక కారణం. గాలిని నొక్కినప్పుడల్లా దానిలోని తేమ నీరై ట్యాంకు అడుగున చేరుతుంది. పని మొదలుపెట్టే ముందు అడుగున ఉండే మరను తిప్పి చూడండి. చెన్నైలో తుప్పు రంగు నీళ్ళు గ్లాసెడు బయటకు వచ్చినా ఆశ్చర్యం లేదు. ఆ నీరు గన్‌లోకి వస్తే రంగు మీద బొబ్బలు తప్పవు. నీటిని వేరుచేసే ఫిల్టర్‌ను కంప్రెసర్ మూతి దగ్గర కాకుండా కొన్ని మీటర్ల గొట్టం తర్వాత బిగించాలి, ఎందుకంటే గాలి చల్లబడ్డాకే నీరు విడిపోతుంది. గన్ నాజిల్ రంగుకు 1.3 లేక 1.4 మిల్లీమీటర్లు, ప్రైమర్‌కు, అంటే రంగు కింద వేసే పూతకు, 1.6 నుంచి 1.8 దాకా ఉండాలి.

ఇప్పుడు ఆ తుక్కు బానెట్‌ను నిలువుగా ఆనించి, ముందు గన్‌లో ఉత్త నీళ్ళు పోసి సాధన చేయండి. ట్రిగ్గర్ కొంచెం నొక్కితే గాలి మాత్రమే వస్తుంది, ఇంకా నొక్కితే రంగు వస్తుంది. ఈ రెండు మెట్లు వేలికి తెలియాలి. గన్ మూతికీ రేకుకూ మధ్య జానెడు కంటే కాస్త తక్కువ, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండాలి. కొత్తవారందరూ చేసే పొరపాటు మణికట్టును విసనకర్రలా తిప్పడం. అలా తిప్పితే మధ్యలో రంగు చిక్కగా, చివర్లలో పలుచగా పడుతుంది. మణికట్టు బిగించి, భుజంతో సహా శరీరం మొత్తం పక్కకు జరగాలి. చేయి కదలడం మొదలయ్యాకే ట్రిగ్గర్ నొక్కాలి, రేకు అంచు దాటాకే వదలాలి. ప్రతి వరుసా ముందు వరుసను సగం కప్పాలి. నీళ్ళు కారకుండా, ఎక్కడా పొడి చార లేకుండా బానెట్ అంతా ఒకేలా తడిసేదాకా ఇదే చేస్తూ ఉండండి, తర్వాత గన్‌ను పూర్తిగా ఆరబెట్టి మిగిలిపోయిన ఏదైనా రంగుతో చేయండి. నాకు ఇందుకు రెండు ఆదివారాలు పట్టాయి.

తలుపు దగ్గరకు వద్దాం. మొదట పాత రంగు స్వభావం తెలుసుకోవాలి. గుడ్డను థిన్నర్‌తో తడిపి, కనిపించని మూలలో రుద్దితే రంగు గుడ్డకు అంటుకుంటే, అది ఇదివరకు ఎవరో వేసిన లాకరో, సరిగా గట్టిపడని రంగో అయి ఉంటుంది. కంపెనీలో ఓవెన్‌లో కాల్చిన రంగు అలా కరగదు. కరిగే రంగు మీద కొత్త ఎన్‌సీ తడిగా పడితే ముడతలు లేవవచ్చు కాబట్టి దాన్ని పూర్తిగా తీసేయడమే మంచిది. సముద్రపు ఊళ్ళో తలుపుల అడుగు అంచులు, నీళ్ళు కారే రంధ్రాల చుట్టూ ఉన్న చోటు ముందుగా తుప్పు పడతాయి. వరదనీట నిలిచిన కార్లలో ఇది మరీ ఎక్కువ. బొబ్బలా ఉబ్బిన రంగు కింద ఎప్పుడూ కనిపించేదానికంటే పెద్ద తుప్పు ఉంటుంది. రేకు తళతళమని కనిపించేదాకా గీకి, మిగిలిన సన్నని గుంటల్లో తుప్పును మార్చే ద్రావణం రాసి, అది ఆరాక ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. చిన్న మచ్చకు బ్రష్‌తో రాసినా చాలు.

సొట్టలు పూడ్చడాన్ని ఇక్కడ పట్టీ టింకరింగ్ అంటారు, మన ఇళ్ళ గోడలకు పెట్టే లప్పం లాంటిదే ఈ పట్టీ. నిమ్మకాయంత పట్టీకి, దానితో పాటు వచ్చే హార్డెనర్ శనగగింజంత చాలు. ఎండ రోజున ఇది నాలుగైదు నిమిషాల్లో బిగుస్తుంది కాబట్టి కొంచెం కొంచెంగానే కలుపుకోండి. పట్టీని పొడిగానే అరగదీయాలి. ధూళి లేవకుండా నీళ్ళు పోసి రుద్దే అలవాటు చాలా షెడ్లలో ఉంది కానీ, పట్టీ స్పంజిలా నీటిని పీల్చుకుంటుంది, ఆ నీరు కింది రేకును తుప్పు పట్టించి ఆర్నెల్లలో రంగును పైకి లేపుతుంది. గరుకు కాగితాన్ని (సాండ్‌పేపర్) వేళ్ళతో కాకుండా చదునైన చెక్కకు చుట్టి, 80 నంబరుతో ఆకారం తెచ్చి, 180, 320తో నునుపు చేయాలి. కన్ను మోసపోతుంది, అరచేయి మోసపోదు. కళ్ళు మూసుకుని పలుచని గుడ్డ మీదుగా అరచేత్తో తడిమితే మిగిలిన ఎత్తుపల్లాలు తెలుస్తాయి.

తర్వాత ఎన్‌సీ ప్రైమర్ సర్ఫేసర్ రెండు మూడు కోట్లు వేసి, పూర్తిగా ఆరాక, నల్లరంగు స్ప్రే డబ్బాతో దూరం నుంచి పలుచగా చుక్కలు చల్లండి. దీన్ని గైడ్ కోటు అంటారు. 400, ఆపైన 600 నంబరు వాటర్ పేపర్‌తో, అంటే నీళ్ళతో తడిపి వాడే గరుకు కాగితంతో, రుద్దుతుంటే నలుపు అంతా పోయి, గుంటలున్న చోట మాత్రం చిన్న చిన్న నల్ల ద్వీపాలు మిగులుతాయి. ఆ ద్వీపాలు పోయేదాకా తలుపు సిద్ధం కానట్టే.

మాస్కింగ్‌కు వార్తాపత్రిక వాడవద్దు, థిన్నర్ దానిలోంచి ఇంకి అచ్చు సిరాను కారుకు అంటిస్తుంది. గోధుమరంగు కాగితమో, మాస్కింగ్ ఫిల్మో వాడండి. డ్యాష్‌బోర్డుకూ టైర్లకూ పూసే మెరుపు ద్రవాల్లోని సిలికోన్ రవ్వంత ఉన్నా రంగు అక్కడ నిలవక చేపకళ్ళలాంటి గుండ్రటి గుంటలు పడతాయి, కాబట్టి జిడ్డు తీసే డీగ్రీజర్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరకముందే మరో పొడి గుడ్డతో తీయాలి. చుట్టూ నేల మీద నీళ్ళు చల్లి ధూళి అణచి, చివరగా ధూళిని అంటించుకునే జిగురు గుడ్డతో (ట్యాక్ క్లాత్) తలుపును మెత్తగా తుడవండి.

రంగును థిన్నర్‌తో కలిపి, పలుచదనం కొలవడానికి అడుగున రంధ్రం ఉండే ఫోర్డ్ కప్పు నాలుగో నంబరులో పోస్తే 18 నుంచి 22 సెకన్లలో కారిపోయేంత పలుచగా చేసి, జల్లెడ కాగితంలో వడగట్టండి. గన్ దగ్గర ఒత్తిడి సుమారు రెండు బార్‌లు. గోడకు అంటించిన కాగితం మీద ఒక్కసారి నొక్కి చూస్తే నిలువుగా, పైనుంచి కిందికి ఒకేలా ఉన్న కోడిగుడ్డు ఆకారం రావాలి. మొదటి కోటు కింది ప్రైమర్ కనిపించేంత పలుచగా ఉండాలి. దాన్ని చూసి నిరాశపడి రెండుసార్లు పోయడం వల్లే రంగు కారుతుంది. కోటుకూ కోటుకూ మధ్య పది పదిహేను నిమిషాలు, మాస్కింగ్ కాగితం మీద పడిన రంగు వేలికి అంటకుండా అయ్యేదాకా ఆగాలి. ఇలా నాలుగైదు తడి కోట్లు వేస్తే తర్వాత పాలిష్‌కు తగినంత మందం ఉంటుంది.

రంగు కారితే ముట్టుకోవద్దు, దోమ వాలినా తీయవద్దు. రెండు మూడు రోజులు ఆరాక చెక్కకు చుట్టిన 1000 నంబరు కాగితంతో ఆ చోటు చదును చేయవచ్చు. నారింజ తొక్కలా గుంటలుగా వస్తే రంగు చిక్కగా ఉందనో, ఒత్తిడి తక్కువనో అర్థం. చేతికి గరుకుగా తగిలితే గన్ దూరమైందని అర్థం. మాస్కింగ్ టేపును మాత్రం చివరి కోటు తర్వాత కొద్దిసేపటికే, అంచు పగలకుండా వాలుగా లాగి తీసేయాలి.

వారం ఆగి 1500, 2000 నంబరు వాటర్ పేపర్లతో నీళ్ళు, సబ్బు వేసి రుద్ది, రబ్బింగ్ కాంపౌండ్‌తో మెరుపు తీయండి. తలుపు అంచుల దగ్గర రంగు పలుచగా ఉంటుంది కనుక అక్కడ చేయి తేలిగ్గా ఉండాలి. వ్యాక్సు నెల రోజుల దాకా వద్దు. గన్‌ను మాత్రం ఆ రోజే, రంగు ఆరకముందే, నాజిల్, సూది, గాలి మూత విడదీసి థిన్నర్‌తో కడగండి. నాజిల్ రంధ్రాన్ని ఇనుప తీగతో పొడిస్తే గన్ పాడవుతుంది, మెత్తటి బ్రష్ వాడండి. మురికి థిన్నర్‌ను కాలువలో పోయకుండా మూత ఉన్న డబ్బాలో నిలవ ఉంచితే, రంగు అడుగుకు దిగి పైన తేరుకున్నది తర్వాతిసారి గన్ కడగడానికి పనికొస్తుంది.